సేవకుడి జీతం, సువార్త వెల: క్రైస్తవ పరిచర్యలో డబ్బు ఎక్కడ చిక్కుముడి పడుతుంది?

ఎవరో ఒక బోధకుడి ఆస్తుల గురించి వార్త వచ్చిందంటే చాలు, క్రైస్తవుల మధ్య ఒక పాత వాదన మళ్లీ లేస్తుంది. "ఉచితముగా పొందితిరి, ఉచితముగా ఇయ్యుడి అని ప్రభువే చెప్పాడు కదా, సేవకి డబ్బెందుకు?" అని ఒకరు అడుగుతారు. "పనివాడు జీతానికి పాత్రుడని చెప్పింది కూడా ఆయనే. పాస్టర్ గారి పిల్లలకు ఆకలి వేయదా?" అని ఇంకొకరు అంటారు. ఇద్దరూ యేసు మాటలే చెబుతున్నారు. పైగా ఆ రెండు మాటలూ మత్తయి సువార్త 10వ అధ్యాయంలో దాదాపు పక్కపక్కనే ఉన్నాయి, మొదటిది 8వ వచనంలో, రెండోది 10వ వచనంలో. మత్తయి "ఆహారం" అన్నచోట లూకా "జీతం" అని రాశాడు, అంతే తేడా.

శిష్యుల్ని ఊళ్లకు పంపుతూ చెప్పిన మాటలివి. రోగుల్ని బాగుచేయండి, దయ్యాల్ని వెళ్లగొట్టండి, అదంతా ఉచితంగా చేయండి. బంగారమో వెండో నడికట్టులో పెట్టుకుని బయల్దేరొద్దు. ఏ ఇంట్లో దిగితే ఆ ఇంట్లోనే ఉండండి, వాళ్లు పెట్టింది తినండి. జాగ్రత్తగా చూస్తే ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, పనిచేసే మనిషి బతుకు. దాన్ని జీతం అందాం. రెండోది, అతని చేతిమీదుగా జనానికి అందే దేవుని కృప. దానికి వెల కట్టే అధికారం అతనికి లేదు. సంఘాల్లో డబ్బు గురించి వచ్చే తగాదాల్లో చాలావాటికి ఈ రెండూ కలిసిపోవడమే మూలమని నాకనిపిస్తుంది. జీతాన్ని వెల అనుకుని సేవకుడి కుటుంబాన్ని పస్తు పెట్టేవాళ్లున్నారు. వెలను జీతం పేరుతో వసూలు చేసేవాళ్లూ ఉన్నారు.

## యేసు బృందానికీ ఒక డబ్బు సంచి ఉండేది

యేసూ శిష్యులూ డబ్బే ముట్టని సన్యాసులని కొందరి ఊహ. సువార్తలు అలా చెప్పవు. మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది స్త్రీలు తమ ఆస్తిలోంచి ఆ బృందం అవసరాలు తీర్చారని లూకా 8వ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఆ డబ్బు సంచి యూదా ఇస్కరియోతు దగ్గర ఉండేదని, అందులో వేసింది అతను దొంగిలించేవాడని యోహాను రాశాడు. చివరి రాత్రి భోజనం దగ్గర యూదా లేచి వెళ్తుంటే, పండగకు కావలసినవి కొనడానికో, బీదలకు ఏమైనా ఇవ్వడానికో వెళ్తున్నాడని మిగతావాళ్లలో కొందరు అనుకున్నారు. చిన్న వివరమే గానీ, ఆ సంచి మామూలుగా దేనికి ఖర్చయ్యేదో దీన్నిబట్టి తెలుస్తుంది. తమ తిండీ అవసరాలూ ఒకవైపు, బీదలు ఇంకోవైపు. ఆ రెండు ఖర్చులూ ఇప్పటికీ ప్రతి సంఘం లెక్కల పుస్తకంలో ఉంటాయి, లేదా ఉండాలి.

సంఘాల్లో వినిపించే మాటల్ని కూడా ముందే విడదీసుకుంటే మంచిది. దశమ భాగం అంటే రాబడిలో పదో వంతు. కానుక అంటే ఇంత అని కొలత లేకుండా మనసుకు తోచినంత ఇచ్చేది. ప్రథమ ఫలాలంటే పంటలోనో సంపాదనలోనో మొదట చేతికొచ్చింది. కొందరు ఉద్యోగంలో మొదటి నెల జీతాన్ని ఇలా ఇస్తారు. సపోర్ట్ అంటే ఒక సేవకుడికో మిషనరీకో నెలనెలా పంపేది. విత్తన కానుక మాత్రం ఈ వరసలో కొత్తది. ఇచ్చింది ఎన్నో రెట్లుగా తిరిగి వస్తుందన్న నమ్మకంతో ఇచ్చేది. ఇచ్చినవాడికి ఏం తిరిగొస్తుందన్న ప్రశ్న మిగతావాటిలో వెనక ఎక్కడో ఉంటే, దీనిలో ముందే నిలబడి ఉంటుంది.

## దశమ భాగం: ధర్మశాస్త్రంలో ఉన్నది ఒక్క పదో వంతేనా?

"బైబిల్ ప్రకారం పది శాతం" అని తేలిగ్గా అంటాం. లెక్క అంత సూటిగా లేదు. అబ్రాహాము షాలేము రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదెకుకు ఇచ్చిన పదో వంతు యుద్ధంలో చేజిక్కిన సొమ్ములోంచి ఇచ్చింది. సంఖ్యాకాండము 18వ అధ్యాయంలో దశమ భాగం ఆరాధన సేవకు కేటాయించిన గోత్రమైన లేవీయులది. మిగతా గోత్రాలకు వచ్చినట్టు వాళ్లకు భూమి వాటా రాలేదు కాబట్టి అదే వాళ్ల స్వాస్థ్యం. దానిలో పదో వంతు వాళ్లు మళ్లీ యాజకులకు ఇవ్వాలి. ద్వితీయోపదేశకాండము 14కి వస్తే సంగతి మారిపోతుంది. ఆ పదో వంతును దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి తీసుకెళ్లి, ఇంటిల్లిపాదీ అక్కడే తిని సంతోషించమంటుంది. దారి దూరమైతే సరుకు అమ్మి ఆ డబ్బు పట్టుకెళ్లమంటుంది. ప్రతి మూడో ఏట మాత్రం దాన్ని లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి వదిలేయాలి.

యూదు రబ్బీలు వీటిని రెండు వేర్వేరు దశమ భాగాలుగా చదివారు. ఒక రైతుకు 100 బస్తాలు పండాయనుకుందాం. యాజకుల ప్రత్యేక భాగాన్ని కాసేపు పక్కన పెడితే, మొదటి 10 బస్తాలు లేవీయులకు. లేవీయులు అందులో 1 బస్తా యాజకుడికి. మిగిలిన 90లో పదో వంతు, అంటే 9 బస్తాలు, రెండో దశమ భాగం. దాన్ని కుటుంబం యెరూషలేములో తినాలి, మూడో ఏట, ఆరో ఏట బీదలకు ఇవ్వాలి. మొత్తం 19. ఏడో ఏట భూమికి విశ్రాంతి కాబట్టి అసలు దశమ భాగమే లేదు. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఈ బీదల భాగాన్ని అదనపు మూడోదిగా లెక్కపెట్టాడు. ఆ లెక్కన మూడో ఏట 28 దాకా వస్తుంది. గమనించవలసిన ఇంకో సంగతి, ధర్మశాస్త్రం దశమ భాగం విధించింది పంట మీద, పశువుల మంద మీద. కూలివాడి కూలి గురించి అక్కడ మాట లేదు.

మరి ఇది నేటి క్రైస్తవుడికి వర్తిస్తుందా? వర్తిస్తుందనేవాళ్లకు గట్టి ఆధారాలే ఉన్నాయి. అబ్రాహాము ధర్మశాస్త్రానికి ముందువాడు. పుదీనాలో, జీలకర్రలో పదో వంతు లెక్కగా ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని వదిలేసిన పరిసయ్యుల్ని గద్దించినప్పుడు కూడా యేసు, అవి మానకుండా ఇవీ చేయవలసింది అన్నాడే తప్ప దశమ భాగం మానేయమనలేదు. వర్తించదనేవాళ్లు పౌలు వైపు చూపిస్తారు. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో 8, 9 అధ్యాయాలు మొత్తం ఇవ్వడం గురించే అయినా పదో వంతు అన్న ప్రస్తావనే లేదు. ప్రతివాడూ తన హృదయంలో నిశ్చయించుకున్నంత, సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వాలంటాడు. పైగా భూమి లేని లేవీయుడి కోసం పెట్టిన ఏర్పాటు సొంత ఇల్లూ స్థలమూ ఉండగల పాస్టర్‌కి ఎలా సరిపోతుందని అడుగుతారు. దశమ భాగాన్ని పన్నులా కాకుండా మొదలుపెట్టడానికి ఒక కొలతలా తీసుకునే మూడో పక్షమూ ఉంది.

ఒకే శాతం అందరి మీదా ఒకే బరువు వేయదన్నది చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక కుటుంబం రాబడి 100 పాళ్లు, బతకడానికి కావలసింది 95. పదో వంతు ఇస్తే 5 పాళ్లు అప్పు చేయాలి. ఇంకో కుటుంబం రాబడి 1000 పాళ్లు, ఖర్చు 300. పదో వంతు ఇచ్చాక కూడా 600 మిగులుతాయి. మొదటి కుటుంబానికి "దేవుని సొమ్ము దొంగిలిస్తున్నావు" అని మలాకీ 3వ అధ్యాయం చూపించి, రెండో కుటుంబాన్ని వేదిక మీద మెచ్చుకుంటే, పద్ధతి ఒకటే అయినా న్యాయం ఒకటి కాలేదు. పౌలు కొరింథీయులకు చెప్పిన కొలత దీనికి దగ్గరగా ఉంటుంది: ఒకడు ఇచ్చింది అతనికున్న దాన్నిబట్టి ప్రీతికరం, లేనిదాన్నిబట్టి కాదు.

దశమ భాగం ఎప్పుడూ ఇష్టంతోనే నడవలేదు కూడా. 585లో నేటి ఫ్రాన్స్‌లోని మాకోన్‌లో కూడిన బిషప్‌ల సభ దాన్ని ఎగ్గొట్టినవాళ్లను సంఘం నుంచి వెలివేయమంది. 779లో ఫ్రాంకుల రాజు చార్లెమేన్ దాన్ని రాజశాసనం చేశాడు. ఫ్రాన్స్‌లో 1789 విప్లవం వచ్చి రద్దు చేసేదాకా రైతు నెత్తిన అది పన్నే. నేటి జర్మనీ చర్చి పన్నును కూడా చాలామంది పొరబడతారు. 8 లేదా 9 శాతం అన్నది ఆదాయం మీద కాదు, కట్టవలసిన ఆదాయపు పన్ను మీద. 1000 యూరోలు పన్ను కట్టే సభ్యుడికి చర్చి వాటా 80 లేదా 90 యూరోలు.

## కొరింథులో వద్దన్న పౌలు ఫిలిప్పీ నుంచి ఎందుకు తీసుకున్నాడు?

కొత్త నిబంధనలో డబ్బు గురించి అన్నిటికన్నా లోతైన ఘట్టం నా దృష్టిలో ఇదే. దీన్ని సగం సగం చదివి రెండు పక్షాలూ వాడుకుంటాయి.

1 కొరింథీయులు 9వ అధ్యాయంలో పౌలు వరసగా ప్రశ్నలు వేస్తాడు. సొంత ఖర్చుతో సైన్యంలో పనిచేసేవాడెవడు? ద్రాక్షతోట వేసి దాని పండు తినని వాడెవడు? నూర్చే ఎద్దు మూతికి చిక్కం వేయకూడదని మోషే ధర్మశాస్త్రం చెప్పడం లేదా? సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వలన జీవించాలని ప్రభువే నియమించాడని 14వ వచనంలో తేల్చి చెబుతాడు. సేవకుడికి జీతం హక్కు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన వాదన బైబిల్లో లేదు. కానీ ఆ వెంటనే వచ్చే వచనంలో, నేను వీటిలో దేన్నీ వాడుకోలేదు, ఇప్పుడు వాడుకోవాలని ఇది రాయడం లేదు అంటాడు. అతను కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టి బతికాడు. థెస్సలొనీకలో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డానని వాళ్లకే గుర్తుచేశాడు.

ఇక్కడితో ఆగితే, "అదిగో, పౌలు ఉద్యోగం చేసుకుంటూ సేవ చేశాడు" అని ముగించేయవచ్చు. కానీ ఫిలిప్పీ సంఘం పంపిన డబ్బు అతను తీసుకున్నాడు. థెస్సలొనీకలో ఉన్నప్పుడు కూడా ఒకటి రెండుసార్లు పంపారని ఫిలిప్పీ పత్రిక చివర కృతజ్ఞతతో రాశాడు. కొరింథువాళ్లకైతే, మీకు పరిచర్య చేయడానికి ఇతర సంఘాల దగ్గర జీతం తీసుకుని వాటిని దోచుకున్నాను అని గుచ్చేలా అన్నాడు. వాళ్లకు కోపం వచ్చింది. మా డబ్బు నీకు పనికిరాదా అన్నది వాళ్ల బాధ. "ఈ అన్యాయము క్షమించుడి" అన్న పౌలు మాటలో ఆ గాయం ఇంకా పచ్చిగానే కనిపిస్తుంది.

కొరింథు ఎలాంటి ఊరో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. రోమా సామ్రాజ్యంలో పెద్దలు, వాళ్లను ఆశ్రయించుకుని బతికేవాళ్లు అన్న కట్టుబాటు బలంగా ఉండేది. పెద్దమనిషి దగ్గర డబ్బు పుచ్చుకున్నవాడు ఆయన మనిషి అయిపోతాడు. ఆయన్ని పొగడాలి, ఆయన తప్పు ఎత్తి చూపకూడదు. ఊరూరా తిరిగి రుసుము తీసుకుని వాగ్ధాటి చూపించే పండితులు కూడా అప్పట్లో చాలామంది. కొరింథు సంఘంలో అప్పటికే నేను పౌలు వాణ్ని, నేను అపొల్లో వాణ్ని అనే జట్లున్నాయి. అక్కడ ఎవరి డబ్బు తీసుకున్నా పౌలు ఒక జట్టు మనిషి అవుతాడు, సువార్త ఇంకో ప్రసంగ సరుకు అవుతుంది. ఫిలిప్పీ నుంచి వచ్చిన డబ్బుకు ఆ ముడి లేదు. అది అతను వాళ్ల ఊరు వదిలి వెళ్లిపోయాక, ఇంకెవరికో బోధిస్తుండగా పంపిన సాయం. వినేవాడు వింటున్నందుకు కట్టిన రుసుము కాదు.

అందువల్ల జీతం తీసుకోవడం తప్పని గానీ, సొంత పనిచేయడం తక్కువతనమని గానీ పౌలు జీవితంలోంచి తీయలేం. ఫలానా చోట ఫలానా డబ్బు, వినేవాడికీ వాక్యానికీ మధ్య అడ్డం వస్తుందా అన్నదే అతను చూసుకున్న సంగతి. అదే మనిషి, అదే సువార్త, రెండు ఊళ్లలో రెండు నిర్ణయాలు.

## మొదటి సంఘాలు పెట్టుకున్న కాపలాలు

ఊరూరా తిరిగే బోధకుల్లో నిజమైనవాడెవడో మోసగాడెవడో తేల్చుకోవడం మొదటి క్రైస్తవులకూ తలనొప్పే. మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో అయిన దిదాఖే అనే చిన్న గ్రంథం దీనికి చాలా సూటి కొలతలిచ్చింది. వచ్చిన అపొస్తలుణ్ని ప్రభువులాగే చేర్చుకోండి. అతను ఒకరోజు ఉండాలి, అవసరమైతే రెండో రోజు. మూడో రోజూ ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు తర్వాతి మజిలీదాకా రొట్టె తీసుకోవచ్చు, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. అదే గ్రంథం, మీ దగ్గర స్థిరపడదలచిన నిజమైన ప్రవక్త తన ఆహారానికి పాత్రుడు, మీ ప్రథమ ఫలాలు అతనికివ్వండి, ప్రవక్త లేకపోతే బీదలకివ్వండి అని కూడా చెబుతుంది. జీతానికి ఒప్పుకుంది, వెలకు తలుపు వేసింది.

రెండో శతాబ్దం మధ్యలో క్రైస్తవ రచయిత జస్టిన్ తన సంఘంలోని ఆదివారాన్ని వర్ణిస్తూ, ఇష్టమున్నవాళ్లు తోచినంత ఇస్తారని, అది సభను నడిపే పెద్ద దగ్గర ఉంచితే అతను అనాథల్ని, విధవరాండ్రను, రోగుల్ని, చెరసాలలో ఉన్నవాళ్లను, పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్లను ఆదుకుంటాడని రాశాడు. ఐదో శతాబ్దానికి రోమ్‌లో రాబడిని నాలుగు పాళ్లు చేసే పద్ధతి వచ్చింది: బిషప్‌కు ఒకటి, మిగతా సేవకులకు ఒకటి, బీదలకు ఒకటి, కట్టడాలకు ఒకటి. అప్పుడు 100 నాణేలు వస్తే 25 బీదలకు వెళ్లడం బిషప్ దయ కాదు, నియమం.

451లో జరిగిన కల్కెదోను మహాసభ ఇంకో అడుగు వేసింది. ప్రతి బిషప్ తన సంఘం ఆస్తి వ్యవహారాలు చూడడానికి వేరే నిర్వాహకుణ్ని పెట్టుకోవాలని దాని 26వ కానన్, అంటే సంఘ నియమం, ఆదేశిస్తుంది. కారణం కూడా చెబుతుంది: సంఘ వ్యవహారాలు సాక్షి లేకుండా సాగకూడదు, సొమ్ము చెదిరిపోకూడదు, పౌరోహిత్యానికి నింద రాకూడదు. పాస్టర్, ట్రెజరర్ ఒకరే అయి ఉండకూడదన్న మాట దాదాపు 1570 ఏళ్ల నాటిది.

## కృపకు వెల కట్టినప్పుడు

సిరియా సైన్యాధిపతి నయమాను కుష్ఠు నయమయ్యాక ఇచ్చిన బహుమతి ఎలీషా ఒట్టేసి మరీ వద్దన్నాడు. సేవకుడు గేహజీ వెనకాల పరుగెత్తి, అబద్ధం చెప్పి, రెండు తలాంతుల వెండి, రెండు జతల బట్టలు పుచ్చుకున్నాడు. ఎలీషా మిగతా రోజుల్లో కానుకలు తీసుకోనివాడు కాదు. షూనేములో ఒక ఇంటివాళ్లు మేడమీద గది కట్టిస్తే అందులో ఉన్నాడు, వాళ్ల భోజనం తిన్నాడు. నయమాను విషయంలో తీసుకుంటే మాత్రం అది స్వస్థతకు కట్టిన వెల అయిపోయేది. కొత్తగా నమ్మిన ఆ అన్యుడు ఇశ్రాయేలు దేవుడు కూడా డబ్బుకు పనిచేస్తాడనుకుని ఇంటికి వెళ్లేవాడు.

సమరయలో గారడీ సీమోను పరిశుద్ధాత్మను ఇచ్చే శక్తిని కొనబోయాడు, పేతురు అతని వెండిని అతనితోపాటే నశించమన్నాడు. సంఘ పదవుల్ని కొనడం, అమ్మడం అనే పాపానికి ఐరోపా భాషల్లో ఇతని పేరే స్థిరపడింది. 16వ శతాబ్దం మొదట్లో ఆ పాపం రెండు చివరలా ఒకేసారి కనిపించింది. మెయింజ్ ఆర్చిబిషప్ పదవి కోసం ఆల్బ్రెక్ట్ ఫుగ్గర్ వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు చేశాడు. పాపశిక్ష తగ్గిస్తామనే పత్రాలమీద వచ్చిన డబ్బులో సగం ఆ అప్పుకు, సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ కట్టడానికి వెళ్లింది. 1517లో లూథర్ తన 95 వాదాలు బయటపెట్టింది ఈ అమ్మకం మీదే. కతోలిక సిద్ధాంతం ప్రకారం ఆ పత్రం పాపక్షమాపణను అమ్మడం కాదని, క్షమించిన పాపానికి మిగిలిన శిక్షకు సంబంధించిందని కూడా చెప్పుకోవాలి. కానీ వీధిలో అమ్మేవాడి కేకలో ఆ సున్నితమైన తేడా నిలవలేదు. 1567లో పోప్ ఐదో పయస్ రుసుముతో ముడిపడిన అలాంటి అనుగ్రహాలన్నిటినీ రద్దు చేశాడు.

## విత్తన కానుక: వాదన ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ జారుతుంది?

20వ శతాబ్దంలో అమెరికన్ బోధకుడు ఓరల్ రాబర్ట్స్ విత్తన విశ్వాసం అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. దేవునికి ఇచ్చేది విత్తనం, దానికి పంట వస్తుందని ఆశించి ఇవ్వండి అన్నది సారాంశం. దీన్ని సమర్థించేవాళ్లను తేలిగ్గా కొట్టిపారేయడం సరికాదు. సమృద్ధిగా విత్తేవాడు సమృద్ధిగా కోస్తాడన్నది పౌలు మాటే. ఆకాశపు వాకిళ్లు తెరుస్తాను, నన్ను శోధించి చూడండి అన్నది మలాకీలో దేవుడే. తరాలుగా నీ బతుకింతే అని విన్న మనిషికి, దేవుడు నీ మంచి కోరుతున్నాడు అన్న మాట నిజంగా వెన్ను నిలబెడుతుంది. అలా విని తాగుడు మాని, పొదుపు నేర్చుకుని, కుటుంబాన్ని దిద్దుకున్నవాళ్లూ ఉన్నారు.

వ్యతిరేకించేవాళ్లు సందర్భం చూడమంటారు. పౌలు విత్తడం గురించి మాట్లాడింది యెరూషలేము బీదలకు చేస్తున్న వసూలు విషయంలో. ఆ పంట కూడా ఇంకా ఎక్కువ ఇవ్వగలిగేందుకే అన్నాడు. హెబ్రీయులు 11లో విశ్వాసవీరుల్లో కొందరు గొర్రెచర్మాలు కప్పుకుని, దిక్కులేనివాళ్లై తిరిగారు. వాళ్ల విత్తనం ఎక్కడ తప్పింది? ప్రపంచవ్యాప్త సువార్త ఉద్యమమైన లోసాన్‌కు చెందిన ఆఫ్రికా వేదాంతులు ఘానాలోని అక్రోపాంగ్‌లో 2008లో, 2009లో కూర్చుని, దేవుని ఆశీర్వాదాన్ని ఒప్పుకుంటూనే సంపదను విశ్వాసానికి కొలతగా చూపే బోధ తప్పుదారి పట్టిస్తుందని ప్రకటన చేశారు. అందరికన్నా వాళ్ల మాటకు బరువెక్కువని నేననుకుంటాను, ఎందుకంటే పేదరికాన్ని పక్కనే చూస్తూ మాట్లాడారు.

సాక్ష్యాల విషయంలో ఒక లెక్క చూడండి. ఒక సభలో 100 మంది విత్తన కానుక వేశారనుకుందాం. ఆ ఏడాది మామూలుగానే వాళ్లలో ఐదుగురికి ఉద్యోగమో, ఆగిపోయిన బాకీయో వచ్చి ఉండేది. ఆ ఐదుగురూ వేదికెక్కి సాక్ష్యం చెబుతారు, అబద్ధమేమీ లేకుండా. 95 మందిని ఎవరూ మైకు దగ్గరికి పిలవరు. కింద కూర్చున్నవాడు విన్నవి ఐదు సాక్ష్యాలు, ఐదూ నిజాలు, దాంతో నూటికి నూరు పాళ్లు పనిచేసినట్టే అతనికి కనిపిస్తుంది. పని చేయకపోతే తన విశ్వాసమే తక్కువనుకుంటాడు. అప్పు తెచ్చి ఇచ్చిన తల్లి నష్టంతోపాటు నేరం కూడా నెత్తిన వేసుకుని ఇంటికి వెళ్లడం, నాకు తట్టుకోలేనిది ఇదే.

## జీతం ఎంత ఉండాలన్నది ఎవరు, ఎలా తేలుస్తారు?

పది కుటుంబాలు పదో వంతు ఇస్తే, ఒక సేవకుడు ఆ పది కుటుంబాల సగటు స్థాయిలో బతకగలడు. వినడానికి బాగుంటుంది. మామూలుగా మూడోవంతు కుటుంబాలే క్రమంగా ఇస్తాయనుకుంటే 30 కుటుంబాలు కావాలి. అప్పటికీ అద్దెకు, కరెంటుకు, బీదలకు ఒక్క పైసా మిగలదు. చిన్న సంఘాల సేవకులు పగలు ఇంకో పని చేసుకోవడానికి ఇదే కారణం, వాళ్లలో భక్తి తక్కువై కాదు.

ఇప్పుడు 600 కుటుంబాల సంఘం తీసుకోండి. 200 కుటుంబాలు ఇస్తే 20 కుటుంబాలు బతికేంత రాబడి. వచ్చిన కానుకంతా సేవకుడిదే అన్న పద్ధతిలో అతను 20 ఇళ్ల స్థాయిలో ఉంటాడు. అదే సంఘ పెద్దలు ఒక జీతం ఖరారు చేస్తే, మిగతాది ఇంకో సేవకుడికో, బడికో, బీదలకో వెళ్తుంది. రెండు చోట్లా ఇచ్చినవాళ్ల ఉద్దేశం ఒకటే. మారింది దారి.

## అడగాలా, అడగకుండా ప్రార్థించాలా?

ఇంగ్లండ్‌లో పాస్టర్‌గా ఉన్న జార్జ్ ముల్లర్ 1830లో తన జీతం వదులుకున్నాడు. ఆ జీతం చర్చిలో కూర్చునే బెంచీల అద్దెలోంచి వచ్చేది. డబ్బున్నవాడికి మంచి చోటు, లేనివాడికి మూల. అది ధనికుడికీ బీదవాడికీ తేడా చూపొద్దన్న యాకోబు పత్రికకు విరుద్ధమని అద్దెలు మాన్పించి, తలుపు దగ్గర పెట్టె పెట్టించాడు. తర్వాత బ్రిస్టల్‌లో 2,000 మందికి పైగా పిల్లలుండే అనాథాశ్రమాలు నడిపాడు, ఒక్క మనిషిని కూడా డబ్బడగనని నియమం పెట్టుకుని. 1865లో చైనా ఇన్‌ల్యాండ్ మిషన్ మొదలుపెట్టిన హడ్సన్ టేలర్ పని వివరాలు జనానికి బాగా చెప్పేవాడు, విరాళం మాత్రం అడిగేవాడు కాదు. అమెరికన్ సువార్తికుడు డి.ఎల్. మూడీ నేరుగా వ్యాపారులకు ఉత్తరాలు రాసి అడిగేవాడు. అదే మూడీ, పాటల పుస్తకం మీద వచ్చిన రాయల్టీ సొంతానికి తీసుకోకుండా ట్రస్టీల చేతిలో పెట్టాడు.

ముల్లర్ ఏటా అచ్చు వేయించిన నివేదికలు కూడా ఒక రకంగా అడగడమే కదా అని విమర్శకులు అన్నారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే ఆ నివేదికల్లో ఇంకో సంగతి కూడా ఉంది: వచ్చింది, ఖర్చయింది, అంతా జనం ముందు పెట్టాడు. అడగని ముల్లర్, అడిగిన మూడీ ఇద్దరూ ఆ విషయంలో కలుస్తారు. "నేను విశ్వాసం మీద సేవ చేస్తున్నాను" అన్న మాట లెక్క చూపించకపోవడానికి సాకు కాలేదు వాళ్ల దగ్గర.

దూరం నుంచి వచ్చే సపోర్ట్ ఇంకో చిక్కు తెస్తుంది. డబ్బు పంపేవాడు ఒకచోట, వాక్యం వినేవాళ్లు ఇంకోచోట ఉంటే, సేవకుడి చూపు తన సంఘం కన్నా నివేదిక చదివే దాత వైపు తిరగవచ్చు. 19వ శతాబ్దంలో మిషన్ సంస్థల నాయకులు హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్ కొత్త సంఘాలు తమ ఖర్చు తామే భరించుకోవాలని, తమను తామే పాలించుకోవాలని, తామే విస్తరించాలని అన్నది ఇందుకే. పేద సంఘాలకు ఇది కఠినమైన మాట అని ఆక్షేపించేవాళ్లూ ఉన్నారు. పౌలు చేసిన వసూలు ఒక సంఘం ఇంకో సంఘానికి పంపినదే కదా అంటారు.

## లెక్క ఎవరి కళ్లముందు ఉంటుంది?

1950లో అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహం అట్లాంటా సభలు ముగిశాక ఒక పత్రిక రెండు ఫొటోలు వేసింది. ఒకదానిలో కానుకల సంచులు, ఇంకోదానిలో నవ్వుతూ వీడ్కోలు చెబుతున్న బిల్లీ గ్రాహం. ఆ డబ్బులో మోసమేమీ లేదు. చివరి రోజు ప్రేమ కానుక బోధకుడికి ఇవ్వడం అప్పటి ఆచారం. అయినా ఆ ఫొటోలు చూసి అతను ఆచారమే మార్చుకున్నాడు. అదే ఏడాది పెట్టిన సంస్థ నుంచి, ఒక పెద్ద పట్నపు పాస్టర్‌కి వచ్చేంత స్థిర జీతం తీసుకోవడం మొదలుపెట్టాడు. సభకు ఎంతమంది వచ్చినా, కానుక ఎంత పడినా అతనికొచ్చేది మారదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా అమెరికన్ టీవీ బోధకుడు జిమ్ బేకర్ కథ నడిచింది. 1,000 డాలర్లు ఇస్తే జీవితకాల భాగస్వామి, ఏటా మూడు రాత్రులు మా హోటల్‌లో ఉచిత బస అని టీవీలో అమ్మాడు. 500 గదుల హోటల్ అనుకుందాం. ఏడాదికి 500 × 365, అంటే 1,82,500 గది రాత్రులు. ఒక్కొక్కరికి మూడు చొప్పున పంచితే, ఒక్క గది ఒక్క రాత్రి కూడా ఖాళీ లేకపోయినా 60,833 మందికి మించి సరిపోదు. పట్టేదానికన్నా ఎక్కువమందికి అమ్మాడన్నది కోర్టులో ముఖ్యమైన అంశం. 1989లో 24 అభియోగాల్లో దోషిగా తేలి, 45 ఏళ్ల శిక్ష పడింది, అప్పీలులో అది బాగా తగ్గింది. ఇచ్చినవాళ్లు దాన్ని కానుక అనుకున్నారు, తీసుకున్నవాళ్లు అమ్మకంలా నడిపారు, లెక్క అడగగల బోర్డు అడగలేదు.

ఆడిట్ అడగడం సేవకుణ్ని అనుమానించడమే అని కొన్ని సంఘాల్లో అంటారు. పౌలు అలా అనుకోలేదు. యెరూషలేము బీదల కోసం వసూలైన డబ్బు అతను ఒంటరిగా మోయలేదు. సంఘాలే ఏర్పరచిన ఒక సోదరుణ్ని తన సహచరుడు తీతుతోపాటు పంపుతూ, ఈ సమృద్ధి విషయంలో ఎవరూ మమ్మల్ని తప్పుపట్టకుండా, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలోనూ యోగ్యమైనదే చూసుకుంటున్నాం అని రాశాడు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఆ ప్రయాణంలో వెంట ఉన్నవాళ్ల పేర్లున్నాయి: బెరయవాడు సోపత్రు, థెస్సలొనీకవాళ్లు అరిస్తర్కు, సెకుందు, దెర్బేవాడు గాయియు, తిమోతి, ఆసియవాళ్లు తుకికు, త్రోఫిము. ఏడుగురు, వేర్వేరు ఊళ్లవాళ్లు. తమ తమ సంఘాల తరఫున ఆ డబ్బుకు సాక్షులుగా వెళ్లారని చాలామంది పండితుల అభిప్రాయం.

యెరూషలేములో పౌలును పట్టుకున్నారు. విచారణలో, నా జనానికి దానద్రవ్యం తీసుకొచ్చాను అని అతను చెప్పిన మాట రోమా అధిపతి ఫేలిక్సు చెవిన పడింది. డబ్బు తెచ్చిన మనిషి కదా, తనకూ ఎంతో కొంత ఇస్తాడని ఫేలిక్సు ఆశపడి, మాటిమాటికీ పిలిపించి మాట్లాడాడు. పౌలు వెళ్లినప్పుడల్లా మాట్లాడాడు, ఏమీ ఇవ్వలేదు. రెండేళ్లు గడిచి ఫేలిక్సు స్థానంలో ఇంకొకరు వచ్చేనాటికి కూడా పౌలు ఇంకా బంధకాల్లోనే ఉన్నాడు.